రష్ చూసి మార్కులు వెయ్యండి

(ఆదుర్తి సుబ్బారావు స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఆదుర్తి సుబ్బారావుగారి పేరు చెప్పగానే మన గోదావరివాళ్ళకి ముందుగా ‘మూగమనసులు’ గుర్తొస్తుంది. 1964లో వచ్చిన ఆ సినిమాతో పడవా, రేవూ, ఏటిగట్టూ తెలుగు ప్రేక్షకుల కళ్ళలో నిలిచిపోయాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆ పేరు రావడానికి చాలా ముందటి సంగతి. 1912లో రాజమండ్రిలో పుట్టిన ఈ మనిషి పని ఎలా నేర్చుకున్నారు? ఆయనకు పని వచ్చిందని ఎవరు, ఏం చూసి తేల్చారు?

ఆయన బొంబాయి వెళ్ళి సెయింట్ జేవియర్స్‌లో ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. తరవాత అక్కడే ఫిల్మ్ ల్యాబులో చేరారు. ముందు నెగెటివ్ కడిగే పని, ఆపైన ప్రింటింగ్, ఆపైన ఎడిటింగ్. ఉదయ్‌శంకర్ తీసిన ‘కల్పన’కు పనిచేశారు. అది 1948లో విడుదలైంది. ‘అమరసందేశం’తో ఆయన దర్శకుడయ్యేసరికి 1954 వచ్చింది, అప్పటికి వయసు నలభై దాటింది. ఆ పనిలో గడిపిన అన్నేళ్ళూ ఆయనకు పరీక్ష పెట్టిన బోర్డు ఏదీ లేదు. కానీ పరీక్ష మాత్రం రోజూ జరిగింది.

ల్యాబు పని ఎరిగినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఒప్పుకుంటారు, అక్కడ తప్పు దాగదు. కడిగేటప్పుడు రసాయనం వేడి కాస్త తేడా పడితే ప్రింటింగ్ బల్ల దగ్గర దొరికిపోతుంది. ప్రింటింగులో లైటు తప్పితే ఎడిటర్ చేతిలో దొరికిపోతుంది. ఒక మెట్టు మీద చేసిన పనికి పై మెట్టు మీదున్నవాడే పరీక్షకుడు. పైగా ఎంతోమంది కెమెరామన్ల నెగెటివులు చేతుల మీదుగా వెళుతుంటాయి. ఎవరు ఎండలో తడబడ్డారో, ఎవరు చీకట్లో ధైర్యం చేశారో అన్నీ ఆ రీళ్ళలోనే కనిపిస్తాయి. సినిమా చూసినవాడికి తెలియని సంగతులు కడిగినవాడికి తెలుస్తాయి.

ఆ ల్యాబులు ఇప్పుడు దాదాపు లేవు. ఫిల్మ్ వాడకమూ దాదాపు పోయింది. వాటితోపాటు ఆ పరీక్షకులూ పోయారు. వాళ్ళ చోట మనం ఎవర్ని కూర్చోబెట్టాం? కెమెరా, సౌండు, ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు పని వచ్చిందా రాలేదా అన్నది దేన్ని చూసి తేలుస్తున్నాం? నా ఉపన్యాసం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న పరాయిదేం కాదు. కాకినాడ వాస్తవ్యులు చిత్తజల్లు పుల్లయ్యగారు మద్రాసులో రఘుపతి ప్రకాశ్ దగ్గర పని నేర్చుకుని వచ్చి 1925లో కాకినాడలోనే మార్కండేయుడి కథను మూకీగా తీశారు. 1936లో నిడమర్తి సూరయ్యగారు ఇదే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ కట్టారు. ఆంధ్రదేశంలో లేచిన మొదటి స్టూడియో అది. ‘సంపూర్ణ రామాయణం’ అక్కడే తయారైంది, పెంటపాడు పిల్ల పుష్పవల్లి చిన్ననాటి సీతగా తెర మీదకు వచ్చింది. స్టూడియో ఎక్కువ కాలం నిలవలేదు. అది నిలిచి ఉంటే మన పిల్లలు క్లాప్ కొట్టడం దగ్గర్నుంచి ఇక్కడే నేర్చుకునేవారు. 1940లలో బెంగళూరు పాలిటెక్నిక్‌లోనూ మద్రాసులోనూ సినిమా సాంకేతిక విద్య మొదలైంది, మనవాళ్ళు ఆ ఊళ్ళకు వెళ్ళవలసివచ్చింది.

ఇంకో పేరు కూడా చెప్పాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన కుర్రాళ్ళను బయటికి తీసుకుపోయి, ఏటి ఒడ్డున కూర్చోబెట్టి, వాళ్ళు గీస్తుంటే పక్కన ఉండి చూసేవాడు. దామెర్ల రామారావును అలాగే గుర్తుపట్టి బొంబాయి జె.జె. స్కూలు దారి పట్టించాడు. ఆయన శిష్యుడే అడివి బాపిరాజుగారు కూడా. తరవాత పుల్లయ్యగారి ‘అనసూయ’, ‘ధ్రువవిజయం’ సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. పూర్తయిన బొమ్మను మాత్రమే చూసి మార్కులు వేసే గురువు ఆ రామారావును కనిపెట్టగలిగేవాడని నేననుకోను. చెయ్యి కదులుతున్నప్పుడు చూసినవాడికే ఆ చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది.

ఇప్పటి పరీక్ష ఎలా జరుగుతోందో చెబుతాను. అయిదుగురు పిల్లలు కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తారు. సెమినార్ హాలులో తెర కడతారు. సినిమా వేస్తారు. పాట బాగుంటే చప్పట్లు పడతాయి. డ్రోన్ షాటులో గోదావరి మలుపు తిరుగుతుంటే ఇంకొన్ని చప్పట్లు. పరీక్షకుడు కథ గురించి రెండు ముక్కలు అడిగి అయిదుగురికీ ఒకటే మార్కు వేసి వెళ్ళిపోతాడు. నేను పరీక్షకుడిగా వెళ్ళిన ఒకచోట, సినిమా అయ్యాక రష్, అంటే కోతకు ముందటి ముడి షాట్లు, చూపించమని అడిగాను. కార్డు ఫార్మాట్ చేసేశామండి అన్నారు. ఆ సినిమాలో మాటలు శుభ్రంగా వినపడ్డాయి. సౌండ్ ఎవరు చేశారంటే ముగ్గురు చేతులెత్తారు. నిజంగా చేసిన పిల్ల వెనక బెంచీలో కూర్చుని ఉంది. ఆమె చెయ్యెత్తలేదు. ఆ సంగతి టీ తాగుతున్నప్పుడు తోటి పిల్లలు చెబితే గానీ నాకు తెలియలేదు. అప్పటికి మార్కుల కాగితం కవరులోకి వెళ్ళిపోయింది.

పూర్తయిన సినిమాలో ఎవరి పని ఎక్కడుందో విడదీయలేం. బాగా తీసిన షాటు ఎడిటింగులో పోవచ్చు. చెడిపోయిన షాటును సంగీతం కప్పెయ్యవచ్చు. రంగు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోజరు తప్పును సగం దాచేస్తుంది. శబ్దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ గాలి హోరును తగ్గించేస్తుంది. వృత్తిలో వాటిని వాడవలసిందే, నేనూ వాడతాను. కానీ విద్యార్థికి ఏం వచ్చో తెలుసుకోవాలంటే వాటికంటే ముందున్నదాన్ని చూడాలి. అందుకే నా కోరిక: కార్డులో ఉన్నది ఉన్నట్టుగా, ఎన్.జి. టేకులతో, అంటే పనికిరావని పక్కన పెట్టినవాటితో సహా, తెర మీద వెయ్యండి. ఒక షాటుకి పదిహేను టేకులు తీసిన పిల్లాడు ఏ టేకులో ఏం మార్చాడో చూడండి. ఏమీ మార్చకుండా పదిహేనుసార్లు తీశాడంటే వాడికి తన తప్పు ఏమిటో తెలియలేదని అర్థం. రెండో టేకుకే లెన్సు మార్చి, మనిషిని రెండడుగులు పక్కకు జరిపాడంటే వాడికి కన్ను తెరుచుకుంది.

ఫిల్మ్ రోజుల్లో ఆలోచించి తక్కువ టేకులు తీసే సంయమనం ఖర్చు వల్ల దానంతటదే వచ్చేది. వెయ్యి అడుగుల రీలు 35 ఎం.ఎం.లో పదకొండు నిమిషాలు వస్తుంది. కెమెరా అసిస్టెంట్ ప్రతి టేకుకీ రిపోర్టు రాసేవాడు: ఏ లెన్సు, ఎంత స్టాపు, ఎన్ని అడుగులు, ఓకేనా ఎన్.జి.నా. ఆ కాగితం ల్యాబుకి వెళ్ళేది. ఇప్పుడు కార్డు చవక, మన పిల్లలు కాగితం రాయరు. ఆ కాగితాన్ని మన క్లాసుల్లోకి తిరిగి తేవాలి. కెమెరా రిపోర్టు, సౌండ్ రిపోర్టు, కంటిన్యుటీ షీటు. వాటి మీద చేసినవాళ్ళ సంతకం ఉంటే ఆ వెనక బెంచీ పిల్లకు న్యాయం జరుగుతుంది.

నేను కోటిపల్లి రేవులో పెట్టే పరీక్ష ఒకటుంది. కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మిట్టమధ్యాహ్నం. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్ళే పంటు, అంటే ఏరు దాటించే పడవ. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దాటు. అందరికీ అదే కెమెరా, అదే మైకు, అదే హెడ్‌ఫోను. పంటు అంచున రెయిలింగు పట్టుకుని ఒకాయన నిలబడి రెండు మాటలు చెబుతాడు, వెనకాల గౌతమి. ఆవలి రేవు వచ్చేలోపు ఒకదానితో ఒకటి అతికే మూడు షాట్లు, ఆ రెండు మాటలు, ఉత్త ఇంజను చప్పుడు ఒక నిమిషం కావాలి. అంతే.

నేను చూసేది ఏమిటంటే, పిల్లవాడు ముందు రికార్డు బటన్ నొక్కుతాడా, ముందు సూర్యుడు ఎక్కడున్నాడో చూస్తాడా అని. నీటి మీద ఎండ తళతళలాడుతుంటే కెమెరా తనంతట తాను వెలుగు తగ్గించేస్తుంది, మనిషి మొహం నల్లబడిపోతుంది. అది గమనించి ఎక్స్‌పోజర్ లాక్ చేస్తాడా? లేక పంటు గది నీడలోకి మనిషిని జరుపుతాడా? హెడ్‌ఫోను చెవికి పెట్టుకుంటాడా, మెడలో వేసుకుంటాడా? ఇంజను ఎటువైపుందో చూసి మైకును దానికి వీపు పెట్టేలా తిప్పుతాడా? మొదటి షాటులో నది ఎడమ నుంచి కుడికి పారుతుంటే మూడో షాటులో కుడి నుంచి ఎడమకు పారకుండా చూసుకుంటాడా? లెన్సు మీద తుంపర పడితే తుడుస్తాడా? ఒడ్డు చేరేలోపు ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూసుకుంటాడా? దిగాక కార్డు ఎవరి చేతికి, ఎలా ఇస్తాడు? ఇందులో కథ ఏమీ లేదు. ప్రతిభ అనే మాట ఎత్తే అవసరమూ లేదు. కానీ పంటు దిగేసరికి ఆ పిల్లవాడిని యూనిట్‌లోకి తీసుకోవచ్చో లేదో నాకు తెలిసిపోతుంది.

ఒకసారి అమలాపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడు మనిషిని పూర్తిగా అటు తిప్పేసి, నదిని వదిలేసి, అవతలి జనాన్ని వెనకాల పెట్టుకుని తీశాడు. నదిని ఎందుకు వదిలావని అడిగాను. “ఎండ ఆ పక్కనుంచి కొడతందండి. నీళ్ళు పెడితే ఈయన మొకం కనపడదండి. మొకం కావాలా, నీళ్ళు కావాలా అనుకుని మొకం తీసుకున్నానండి, ఆయ్,” అన్నాడు. రాతపరీక్షలో వాడికి బాగా తక్కువ వచ్చాయి. అక్కడ అడిగినవి నిర్వచనాలు. వాడికి నిర్వచనం రాదు, నిర్ణయం వచ్చు. ఎందుకు ఇలా తీశావన్న ప్రశ్న నోటితో అడగాలి, పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులో జవాబు చెప్పనివ్వాలి. వెలుగు గురించీ గాలి గురించీ మాట్లాడటానికి మన తెలుగు చాలు.

పరీక్షకు మన ప్రాంతం ఇచ్చినంత సామగ్రి ఏ స్టూడియో ఇవ్వదు. కొబ్బరితోటలో మిట్టమధ్యాహ్నం మొహం మీద ఆకుల నీడలు చారలు పడతాయి. ఆకుల పచ్చదనం చర్మం మీదకు దిగి మనిషి జబ్బుపడ్డట్టు కనిపిస్తాడు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేసినవాడు అక్కడ దొరికిపోతాడు. అంతర్వేది బీచిలో గాలికి మైకు మీద తొడుగు లేకపోతే మాట అనేదే మిగలదు. కల్యాణమండపంలో ట్యూబులైట్ల కింద ఫోను పెట్టిన వేగంతోనే తీస్తే బొమ్మ మీద నల్ల పట్టీలు పాకుతాయి. మన కరెంటు సెకనుకి యాభై ఆవృత్తులది. ఫోన్లు చాలావరకు సెకనుకి ముప్ఫై ఫ్రేముల లెక్కలో వస్తాయి. ఫ్రేములు ఇరవై అయిదుకీ షట్టరు యాభైలో ఒక వంతుకీ మారిస్తే పట్టీలు పోతాయి. పెళ్ళి వీడియోలు తీసే మన కుర్రాళ్ళలో చాలామందికి ఇది అనుభవం మీద తెలుసు. రాజమండ్రిలో, భీమవరంలో, కాకినాడలో పెళ్ళి వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళను పరీక్షకులుగా పిలవాలని నేను అడుగుతున్నది అందుకే. రాత్రి రెండు గంటలకు తలంబ్రాల షాటు మళ్ళీ తీయడానికి వీల్లేదని తెలిసిన మనిషి కంటే ఫోకస్‌కి మంచి పరీక్షకుడు దొరకడు.

తప్పును ఎలా గుర్తుపట్టాలన్నది ఇంకో చిక్కు. 1975లో మన బాపుగారి ‘ముత్యాలముగ్గు’ తీసినప్పుడు ఇషాన్ ఆర్య సహజమైన వెలుగును నమ్ముకున్నారు. స్టూడియో లైటింగుకు అలవాటుపడిన కళ్ళకు అది కొత్త. ఆ ఏడాది రంగుల చిత్రాల ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు ఆయనకే వచ్చింది. ఇవాళ మన విద్యార్థి ఒకడు కిటికీ వెలుగు తెల్లగా పేలిపోయిన షాటు తెస్తే, అది తప్పా, ఎంచుకున్నదా? నా దగ్గర ఒకటే పద్ధతి ఉంది. మళ్ళీ తీసి చూపించమంటాను. వేరే గదిలో, వేరే కిటికీ దగ్గర, అంతే తెలుపుతో. తీయగలిగితే అది వాడి సొత్తు. ఆపైన అదే చోట కిటికీ అవతలి చెట్టు కనిపించేలా తీయమంటాను. రెండూ వచ్చినవాడు మొదటిదాన్ని ఎంచుకున్నాడని నమ్ముతాను. ఒక్కసారి అదృష్టవశాత్తూ కుదిరిన అందమైన షాటుకి సాంకేతిక పరీక్షలో మార్కు వెయ్యకూడదని నా అభిప్రాయం. ఇది కొందరికి కఠినంగా తోస్తుంది. కానీ రేపు వాణ్ణి పనిలో పెట్టుకునే నిర్మాత కోరేది అదే, అడిగినప్పుడు అడిగినట్టు చేయగలగడం.

ఎడిటింగుకి పరీక్ష ఇంకా సులువు, దాన్నే ఎవరూ పెట్టరు. ఒకే రష్ అందరికీ ఇవ్వండి. ఒకే గదిలో, ఒకే సమయం. రష్యాలో విప్లవం తరవాత ముడి ఫిల్మ్ దొరకని రోజుల్లో దర్శకుడు కులెషోవ్ శిష్యులు పాత సినిమాల ముక్కలనే విడదీసి మళ్ళీ అతుకుతూ నేర్చుకున్నారు. మనకు ముక్కలకు కొరత లేదు. ఒక అత్తగారు, ఒక కోడలు, వంటింటి గుమ్మం, ఇరవై షాట్లు. నిమిషంన్నర దృశ్యం చెయ్యమనండి. చేశాక, అదే రష్‌తో ఈసారి కోడలి వైపు నుంచి నడపమనండి. అప్పుడు తెలుస్తుంది ఎవరు మాట వింటూ చూపు ఎక్కడ తెగాలో చూసుకుని కోస్తున్నారో, ఎవరు ప్రతి మాటకీ మాట్లాడేవాళ్ళ మొహం పెట్టి చేతులు దులుపుకుంటున్నారో. మన పసలపూడి వంశీగారి ‘సితార’ 1984లో వచ్చింది. దానికి అనిల్ మల్నాడ్‌గారికి ఎడిటింగ్‌లో జాతీయ అవార్డు వచ్చింది. విద్యార్థులకు ఆ సినిమాను మాటలు ఆపేసి ఒకసారి చూపించండి, బొమ్మ ఆపేసి ఒకసారి వినిపించండి. కోత ఎక్కడుందో కనిపెట్టలేకపోవడం కూడా ఒక పాఠమే.

ఇలా ఒక్కొక్క పనిని విడిగా కొలవాలన్నది నా ఒక్కడి మాట కాదు. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో మీడియా అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ స్కిల్స్ కౌన్సిల్ ప్రతి ఉద్యోగానికీ విడివిడిగా ప్రమాణాలు రాసింది. కెమెరా వేరు, ఎడిటింగ్ వేరు, సౌండ్ వేరు. రాతకి ఇన్ని, చేతకి ఇన్ని అని మార్కులు విడదీసింది. ఈ విడదీయడం నాకు నచ్చింది. మన కాలేజీలు గ్రూపు మార్కు మానెయ్యడానికి ఇదొక్కటే చాలు. అయితే ‘తగిన వెలుగుతో తీయగలగాలి’ అని కాగితం మీద రాసుకుంటే సరిపోదు. కాకినాడలో కూర్చున్న పరీక్షకుడికీ కర్నూలులో కూర్చున్న పరీక్షకుడికీ తగిన వెలుగంటే ఒకటే బొమ్మ కళ్ళ ముందు ఉండాలి. అందుకని నమూనా షాట్లు కావాలి. ఇది పదికి నాలుగు, ఇది ఏడు, ఇది తొమ్మిది అని పరీక్షకులందరూ ముందుగా కూర్చుని, చూసి, వాదించుకుని ఒప్పుకున్న షాట్లు. ఆ వాదన అయ్యాకే మార్కుల కాగితం చేతికివ్వాలి.

సామగ్రి గురించి రెండు మాటలు. ఒక పిల్లవాడి నాన్న దుబాయి నుంచి గింబల్ తెచ్చి ఇచ్చాడు. ఇంకో పిల్ల అక్క ఫోను అరువు తెచ్చుకుంది. ఎవరి కెమెరాతో వాళ్ళు పరీక్ష రాస్తే మనం కొలిచేది ఇంటి ఆదాయాన్ని. పరీక్ష రోజున అందరి చేతికీ ఒకటే పరికరం ఇవ్వాలి, అది ఎంత మామూలుదైనా పరవాలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా మనసుకి కష్టంగా ఉంటుంది. గ్రూపు సినిమాలో వాళ్ళకు వచ్చే పని యాంకరింగు, దుస్తులు, పేర్లు రాయడం. కెమెరా బరువని మగపిల్లలు తీసేసుకుంటారు. బి.ఆర్. విజయలక్ష్మిగారు 1985లోనే మద్రాసులో సినిమాకి ఛాయాగ్రాహకురాలిగా పనిచేశారు. నలభై ఏళ్ళ తరవాత మన క్లాసులో ఒక అమ్మాయి మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఫోకస్ లాగకుండా డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతోంది. ఒక్కొక్కరినీ విడిగా పంటు ఎక్కిస్తే ఇది జరగదు. పరీక్షలో అందరూ కెమెరా పట్టుకోవలసిందే అని తెలిస్తే ఏడాది పొడుగునా క్లాసులో కెమెరా చేతులు మారుతుంది.

మళ్ళీ ఆదుర్తిగారి దగ్గరికి వస్తాను. 1965 ‘తేనెమనసులు’కి కొత్తవాళ్ళు కావాలని ఆయన పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్ళను కెమెరా ముందు నిలబెట్టి ఎంచుకున్నారు. అలా ఎంచుకున్న కృష్ణగారిని మార్చమని చుట్టూ ఉన్నవాళ్ళు ఒత్తిడి చేసినా మార్చలేదని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాహినీలో సౌండ్ విభాగంలో పనిచేసిన కె. విశ్వనాథ్‌గారిని దగ్గర పెట్టుకుని దర్శకుడిగా ఎదగనిచ్చింది కూడా ఆయనే. మనిషిని తన కళ్ళతో చూసి తేల్చుకున్నాక ఇతరుల మాటకు ఊగిపోని ధైర్యం అది. నెగెటివ్ కడిగిన రోజుల్లోనే ఆ చూపు ఆయనకు అబ్బి ఉంటుందని నేను నమ్ముతాను.

ఇక్కడికి వచ్చిన అధ్యాపకులను మూడు పనులు అడుగుతున్నాను. రాబోయే పరీక్షల నుంచి ప్రతి విద్యార్థి రష్‌నూ రిపోర్టులతో సహా దాచండి. పదేళ్ళ పాటు దాచండి, ఇప్పుడు హార్డ్ డిస్కులు అంత ఖరీదేం కాదు. తరవాతి బ్యాచి పిల్లలకు పాఠ్యపుస్తకం అదే అవుతుంది, పరీక్షకులకు నమూనా షాట్లూ అందులోంచే వస్తాయి. రెండోది, పరీక్షకుల్లో ఒకరు తప్పనిసరిగా సౌండ్ మనిషై ఉండాలి. బొమ్మ చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వినేవాళ్ళు లేరు. మూడోది, తప్పిన విద్యార్థికి నెల తిరిగేలోపు అదే పని మళ్ళీ చేసే అవకాశం ఇవ్వండి. ఎక్కడ తప్పాడో రష్ ముందు కూర్చోబెట్టి చూపించి, మళ్ళీ రేవుకి పంపండి. కోటిపల్లిలో పరీక్ష పెట్టే పనైతే నేను వస్తాను. కెమెరా, మైకూ నేనే తెస్తాను.